పెద్ద పండుగకు పక్షుల వెంట: ముడసర్లోవ నుంచి కొండకర్ల ఆవ వరకు

భోగి

విశాఖపట్నం చుట్టుపక్కల నీటి పక్షులను చూడదలచినవారికి జనవరి రెండో, మూడో వారాలను మించిన అదను లేదు. హిమాలయాల అవతలి నుంచి బయలుదేరిన వలస పక్షులన్నీ అప్పటికి వచ్చి కుదురుకొని ఉంటాయి. వానలు వెనుకబట్టి చెరువుల నీరు తేటపడి ఉంటుంది. పొద్దెక్కే దాకా ఎండ కూడా కంటికి హాయిగానే ఉంటుంది. నడిశీతాకాలంలో పక్షులు పెద్దగా చోట్లు మారవు కనుకనే ఆసియా నీటి పక్షుల గణనను కూడా ఏటా ఈ రోజుల్లోనే జరుపుతారు. పండుగ సెలవులు సరిగ్గా ఈ అదనులోనే పడటం మాలాంటి ఉద్యోగస్థుల అదృష్టం. అందువల్ల ఈసారి విజయవాడ నుంచి అడవివరంలోని పిన్నిగారింటికి బయలుదేరేటప్పుడు కొత్త బట్టలతో పాటు బైనాక్యులర్‌నూ ఒక నోటుపుస్తకాన్నీ సంచిలో పెట్టుకున్నాను.

ఈ ప్రయాణంలో నాకు తోడు మా బాబాయి. ఆయన విశాఖ పోర్టులో డ్రెడ్జింగు పనులు, అంటే ఓడల కోసం నీటి అడుగును తవ్వి లోతు చేసే పనులు, చూసి పదవీ విరమణ చేశారు. ఉప్పుటేటి తంపరను (చిత్తడి నేలను) తవ్వి లోపలి హార్బరును కట్టిన వైనం, 1933లో తొలి ఓడ లోపలికి వచ్చిన సంగతి ఆయనకు కంఠతా వచ్చు. పక్షుల పేర్ల మీద ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు గాని, ఏ నీటి ఒడ్డుకు వెళ్లినా మొదట అడిగేది మాత్రం ఒకటే: "ఇక్కడ లోతు ఎంత ఉంటుందంటావు?" ఉద్యోగం వదిలినా ఆ ప్రశ్న ఆయనను వదల్లేదు. పక్షులను చూడటానికి వెళ్లేవాడు అసలు వేసుకోవలసిన ప్రశ్న కూడా అదేనని ఈ పండుగ రోజుల్లో నాకు స్పష్టంగా తెలిసివచ్చింది.

తెల్లవారుజామున వీధి చివర భోగిమంట దగ్గర కాసేపు నిలబడి, చీకటి ఇంకా పూర్తిగా విడకముందే బండి మీద ముడసర్లోవ జలాశయానికి బయలుదేరాము. చలికాలపు ఉదయాల్లో నేలను ఆనుకొన్న గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది కనుక పొగ పైకి లేవక అక్కడే పరుచుకుంటుంది; సింహాచలం కొండకూ కంబాలకొండ వరుసకూ నడుమ ఉన్న ఆ పల్లంలో ఊరూరి భోగిమంటల పొగ మంచుతో కలిసి చాలాసేపు నిలిచిపోయింది. జలాశయం గట్టెక్కేసరికి అవతలి ఒడ్డు కనిపించలేదు. కొండ మీది నుంచి నెమళ్ల కేకలు, వాటి మధ్య అడవికోడి కూత మాత్రం వినిపించాయి. మన పెరటి కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి తూర్పు కనుమల్లో దాదాపు గోదావరి వరకే కనిపిస్తుంది; ఆ నదికి దక్షిణాన బూడిదరంగు అడవికోడిది రాజ్యం. అభయారణ్యమైన కంబాలకొండ విస్తీర్ణం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు అక్కడ లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. ఇన్నేళ్ల తరువాత పొదలు, తీగలు మళ్లీ అల్లుకొని దూరానికి పచ్చగానే కనిపిస్తున్నాయి.

పొగ విడిపోయాక చూస్తే జలాశయం నిండుకుండలా ఉంది. నగరానికి తాగునీరు ఇచ్చే చెరువు కావడంతో నీటిని వీలైనంత మేరకు నిలబెడతారు. గట్టు వాలు నిటారుగా ఉండి ఒడ్డు నుంచి రెండడుగులు వేస్తే చాలు లోతు మొదలవుతుంది. 2018లో ఇక్కడ నగరపాలక సంస్థ 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ పలకల అంచుల మీద చిన్న నీటికాకులు బారులు తీరి రెక్కలు విప్పుకొని కూర్చున్నాయి. నీటికాకి ఈకల్లోకి నీరు చొరబడుతుంది. అందువల్ల తేలికగా మునగగలుగుతుంది గాని, పైకి వచ్చాక రెక్కలు ఆరబెట్టుకోక తప్పదు. మనుషులు కరెంటు కోసం కట్టుకున్నది వాటికి చక్కని ఆరుబయలు అయింది. సౌర పలకల వల్ల పక్షులకు హాని అని ఒక మాట, మేలు అని ఒక మాట వినబడుతూ ఉంటాయి. ఏ పక్షికి అన్నది చెప్పకుండా ఆ రెండు మాటల్లో దేనికీ విలువ లేదనే నేననుకుంటాను.

గంటకు పైగా గట్టు మీద కూర్చున్నా నోటుపుస్తకంలో పట్టికకెక్కిన జాతులు తక్కువే: నీటికాకులు, మునుగుడు కోళ్లు, రెండు నలుపు తెలుపు లకుముకులు, ఆకాశంలో ఒక గరుడపక్షి. ఇవన్నీ లోతుతో పేచీ లేనివే. మునిగి వేటాడేది కొంత, పై నుంచి దూకి పట్టేది కొంత. నలుపు తెలుపు లకుముకికి కొమ్మతో కూడా పని లేదు. నడి చెరువు మీద గాలిలో ఒకే చోట రెక్కలు ఆడిస్తూ నిలిచి, చేప కంటపడగానే నిట్టనిలువుగా పడుతుంది. కాళ్ల మీద నిలబడి తినే పక్షి ఒక్కటీ లేదు. "కాలు మోపడానికి చోటేదిరా ఇక్కడ" అని బాబాయి అన్నారు.

ఆ చోటు చెరువు ఎగువ కొసన దొరికింది. కొండ మీది నుంచి వచ్చే గెడ్డ జలాశయంలో కలిసే దగ్గర వానాకాలంలో కొట్టుకొచ్చిన ఒండ్రు పేరుకొని, చీలమండ దాటని నీటితో చిన్న మేట ఏర్పడింది. గుడ్డికొంగలు నాలుగైదు, చిన్న తెల్లకొంగ ఒకటి, తోక ఎగరేస్తూ తిరిగే ఉల్లంకి పిట్ట, నీటి అంచున పరుగులు తీసే జిట్టంగులు అక్కడే ఉన్నాయి. మేటకూ లోతుకూ మధ్య సరిహద్దులో నారాయణపక్షి మోకాలి పై దాకా నీటిలో నిలబడి ఉంది. చిన్న తెల్లకొంగ తన పసుపు పాదంతో బురదను కదిలించి, బెదిరి బయటికి వచ్చిన చేపపిల్లలను ఏరుకుంటూ ఉంటే బాబాయి చాలాసేపు చూసి, "ఇదీ డ్రెడ్జింగే" అన్నారు. పెద్ద చెరువు మొత్తంలో కనిపించిన జాతుల కంటే ఇల్లంత మేర లేని ఆ మేట మీద ఎక్కువ ఉన్నాయి.

సంక్రాంతి

పండుగ నాడు ఉదయమంతా ఇంటి పని. పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, భోజనాలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. భీమిలిలో పాటు, అంటే సముద్రపు నీరు బాగా వెనక్కి తగ్గే వేళ, మూడున్నర ప్రాంతంలో ఉంటుందని బాబాయి ముందురోజే లెక్క కట్టి ఉంచారు కనుక ఆలస్యమైనా నష్టం లేకపోయింది. ఉప్పునీటి పక్షులను చూసేవారికి గడియారం కంటే పోటుపాటుల పట్టిక ముఖ్యం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇవాళ్టి వేళ కంటే రేపటిది సుమారు యాభై నిమిషాలు వెనుకబడుతుంది. నిన్న పక్షులతో నిండి ఉన్న చోటికి ఇవాళ అదే వేళకు వెళ్లినవారికి నీరు తప్ప ఏమీ కనిపించకపోవడానికి కారణం అక్కడే ఉంది.

బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటే వరకు పండుగ జనం. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటాక కొంత పలచబడింది. ఆ దిబ్బలను మేము ఆగి చూడలేదు. వాటికి వేరే రోజు కావాలి.

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి జలాశయాన్ని నింపే గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. బీచ్‌లో కాలు పెట్టే సందు లేనంత జనం ఉన్నా, నది మొగ వైపు ఒడ్డున పడవలు, వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు తప్ప ఎవరూ లేరు. మేము చేరేసరికి నీరు తీస్తూ ఉంది. మన తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా ఎక్కువ కాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్ తీరపు లెక్కలు విన్నవారికి ఇది చిన్నదిగా తోస్తుంది. అయితే మొగలోని ఒండ్రు ఇంచుమించు సమతలంగా ఉండటంతో నీరు జానెడు దిగితే చాలు, చాలా మేర బురద బయటపడుతుంది.

బురద బయటపడుతున్న క్రమాన్ని చూడటమే ఆ మధ్యాహ్నపు అసలు సంగతి. మొదట తేలిన మెరక మీదికి చిన్న ఇసుక ఉల్లంకులు వచ్చాయి. వాటి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, చూసి, పైపైన కనిపించిన పురుగును ఏరుకొని మళ్లీ పరుగెత్తుతాయి. అవి వెతికేది కంటితో. వాటి తరువాత నీటి అంచును వెంబడించి ఎర్రకాళ్ల ఉల్లంకులు దిగాయి; వాటి ముక్కు పొడవు, మెత్తని బురదలో గుచ్చి వెతుకుతాయి. అన్నిటికంటే చివర, నీరు ఇంకా తొలగని కాలువ అంచున, కిందికి వంగిన పొడవాటి ముక్కుతో ఒక వింబ్రెల్ నింపాదిగా నడుస్తూ పీతల కన్నాల్లో ముక్కు పెట్టి చూసింది. ఒకే బురద నేలను, ఒకే గంటలో, ముక్కు పొడవును బట్టి, కాలి పొడవును బట్టి అవి పంచుకున్న తీరు చూశాక బాబాయి మొదటిసారి నా చేతిలోంచి బైనాక్యులర్ అందుకున్నారు. మళ్లీ నాకు దక్కడానికి చాలాసేపు పట్టింది.

ఒడ్డు మీద ఆరేసిన వలల దగ్గర గోధుమతల సముద్రపు చిలుకలు (గల్ పక్షులు) గుంపుగా వాలి ఉన్నాయి. శీతాకాలంలో వీటి తల గోధుమరంగులో ఉండదు. తెల్లని తలలో కంటి వెనుక ఒక ముదురు మచ్చ మాత్రం మిగులుతుంది. లడఖ్, టిబెట్, మధ్య ఆసియా పీఠభూముల్లోని ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లలను పెంచుకొని, చలికి దిగి వచ్చి, మన సముద్రపు ఒడ్డున చేపల తుక్కు తింటాయి. కొత్తగా పక్షులు చూసేవారు వీటిని నల్లతల రకంతో పొరబడటం సహజం. ఎగిరినప్పుడు రెక్క కొసలోని నలుపులో తెల్లని మచ్చలు కనిపిస్తే గోధుమతలదని చెప్పవచ్చు. దేశవాళీ గరుడపక్షులు రెండు వాటి నడుమ దిగి, మత్స్యకారులు విసిరిన తలకాయల కోసం పోటీ పడ్డాయి గాని గెలిచింది ఎక్కువసార్లు ఊరకాకులే.

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం చిత్తడి నేలలను నిర్వచిస్తూ, పాటు సమయంలో ఆరు మీటర్లకు మించని లోతు గల సముద్రపు నీటిని కూడా వాటిలోనే చేర్చింది. మన రాష్ట్రం నుంచి కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. ఈ నిర్వచనం చెప్పగానే బాబాయి ముఖం వెలిగింది. "ఆరు మీటర్లంటే మేము ఓడకు పనికిరాదని తవ్వించే లోతు" అన్నారు. ఓడకు పనికిరానిదే పక్షికి పనికివస్తుందన్న సంగతి విశాఖలో ఇంకా బాగా అర్థమవుతుంది. మేహాద్రి గెడ్డ ఉప్పుటేరై హార్బరులో కలిసే మేర ఒకప్పుడంతా ఇలాంటి తంపరే, ఇప్పటికీ విమానాశ్రయం వైపు మిగిలిన మడచెట్లలో కొంగలు రాత్రి తలదాచుకుంటాయి.

అయిదింటికి నీరు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. ఉల్లంకులు మెరక వైపు జరిగి జరిగి, చివరికి ఒక్కసారిగా లేచి నది ఎగువకు వెళ్లిపోయాయి.

కనుమ

"కనుమ నాడు కాకైనా కదలదంటారు, నువ్వు దుర్భిణి మెడలో వేసుకొని ఎక్కడికిరా నాన్నా?" అని పిన్ని గుమ్మంలోనే ఆపేసింది. నిజానికి అప్పటికే కాకులు మినప గారెల వాసనకు ఇంటి చుట్టూ కదలవలసినంతా కదులుతున్నాయి గాని, ఆ వాదన పిన్ని ముందు పెట్టే ధైర్యం నాకు గాని బాబాయికి గాని లేకపోయింది. అలా ఆ రోజంతా పెరట్లోనే గడిచింది. తీరా చూస్తే పుస్తకంలో ఎక్కువ పుటలు నిండింది ఆ రోజే.

అడవివరంలో పాత ఇళ్లకు పెరడు ఇంకా మిగిలి ఉంది. పిన్నిగారి పెరట్లో రెండు మునగచెట్లు, ఒక పనస, ఒక సంపెంగ, గోడ పొడవునా గోరింట కంచె ఉన్నాయి. చూరుకు పిన్ని భోగి నాడే వరికంకుల కుచ్చు కట్టింది. కొత్త పంట ఇంటికి రాగానే పిచ్చుకల వాటా చూరుకు వేలాడదీయడం మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. పొద్దున్న ఏడింటికే కుచ్చు మీద పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతున్నాయి. గింజలు పెట్టినంత మాత్రాన పిచ్చుకలు నిలబడవన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గాని గూటిలోని పిల్లలకు తెచ్చి పెట్టేది ఎక్కువగా పురుగులనే. పిన్ని పెరట్లో మందు కొట్టని ఆనపపాదు, చిక్కుడుపాదు ఉండటం ఆ కుచ్చు కంటే పెద్ద సాయం.

జనవరి మునగ పూతకాలం. ఊదా తేనెపిట్ట మగది వానాకాలం తరువాత తన మెరిసే రంగు వదిలి, పసుపు రొమ్ము మీద నిలువునా ఒక నల్లని చారతో ఆడపిట్టను పోలి ఉంటుంది; మళ్లీ జత కట్టే కాలం వచ్చే కొద్దీ మెరుపు తిరిగి ఎక్కుతుంది. మునగకొమ్మ మీద ఆ రోజు కనిపించింది రెండింటి నడుమ ఉన్న దశ: వీపు సగం నీలం, కడుపు ఇంకా పసుపు. ఎండిన మునగకొమ్మలో గుండ్రంగా ఒక కన్నం, దాని నుంచి తల బయటపెట్టి చూస్తున్న కంసాలిపిట్ట కనిపించాయి. మునగ మెత్తని కర్ర కావడంతో తొలచడానికి దానికి సులువు. తోటలో ఎండుకొమ్మ కనబడగానే కొట్టించే అలవాటు మనకుంది. అది ఇంటి మీద పడే ప్రమాదం లేనప్పుడు ఉంచేస్తే కంసాలిపిట్టకు, ఆ తరువాత ఖాళీ కన్నంలో చేరే గోరువంకకు పనికివస్తుంది.

గోరింట కంచెలో నుంచి ఉండుండి రెండు గులకరాళ్లను తాటించిన చప్పుడు వచ్చింది. ఆ పిట్టను చూడటానికి ఓపిక కావాలి. మట్టిరంగు, పన్నెండు గ్రాముల బరువు, ఒక్క క్షణం కూడా ఆకుల బయట నిలవని తత్వం. అది బ్లైత్ రీడ్ వార్బ్లర్. తూర్పు ఐరోపా నుంచి సైబీరియా వరకు వేసవిని గడిపే ఈ జాతి పక్షులు చలికాలానికి దాదాపు అన్నీ భారత ఉపఖండానికే చేరుకుంటాయి. బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు హిమాలయాలు దాటి వస్తుందని పత్రికలు ఏటా బొమ్మ వేసి రాస్తాయి. పిన్ని ఆకు కోసుకొనే కంచెలో అంతకంటే దూరం నుంచి వచ్చిన పిట్ట ఉందని రాసినవారు నాకు కనబడలేదు. ఈ మాట చెప్పగానే పిన్ని, "అయితే ఈ ఏటికి కంచె కత్తిరించవద్దని చెప్తాను" అంది.

మధ్యాహ్నం బాబాయి దృష్టి పెరటి మూలనున్న రాతి తొట్టి మీద పడింది. ఒకప్పుడు గేదెలకు కుడితి పోసే తొట్టి అది. పశువులు పోయాక పక్షుల కోసమని పిన్ని రోజూ నీళ్లు నింపుతోంది. కానీ పక్షులు దాని అంచున వాలి, వంగి నాలుగు గుక్కలు తాగి వెళ్లిపోతున్నాయి. ఒక్కటీ స్నానం చేయడం లేదు. పూలకుండీ కింద పెట్టిన మట్టి పళ్లెంలో మాత్రం, దాని నీళ్లు పిడికెడే అయినా, పిగిలిపిట్టలు వంతులు వేసుకొని మునుగుతున్నాయి. "తొట్టి మూరెడు లోతు, పళ్లెం రెండు వేళ్లు" అని బాబాయి పుల్ల ముంచి కొలిచి చెప్పారు. స్నానానికి దిగే చిన్న పిట్టకు కాలు నేలకు ఆనాలి, పొట్ట తడవాలి. అంతకు మించిన లోతు దానికి భయం. బాబాయి ఇంటి వెనుక మిగిలిన ఇటుకలను, నాలుగు గరుకు రాళ్లను తెచ్చి తొట్టిలో ఒక పక్కన మెట్లు మెట్లుగా పేర్చి, పై మెట్టు మీద నీరు రెండంగుళాలకు మించకుండా సరిచేశారు. నున్నని రాయి మీద పిట్ట కాలు జారుతుంది కనుక గరుకువే ఎంచుకున్నారు. సాయంత్రం నాలుగింటికి మొదట పెద్ద నల్లంచి దిగింది. దాని వెనుక పచ్చముక్కు బాబ్లర్ల గుంపు మొత్తం అరుచుకుంటూ వచ్చి, ఇటుకల మీది నీరంతా చిందించి వెళ్లింది.

తొట్టి నీటిని రోజూ, కనీసం రెండు రోజులకొకసారైనా పారబోసి మార్చాలని పిన్నికి గట్టిగా చెప్పాను. దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో వారం పది రోజులు పడుతుంది. ఆ లోపు నీరు మారిస్తే బెడద ఉండదు. పక్షులకు నీళ్లు పెట్టి డెంగ్యూ తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా పుణ్యం కాదు.

ముక్కనుమ

తెల్లవారకముందే వేపగుంట, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరి, అక్కడ మునగపాక దారి పట్టాము. చెరకు ఆడే రోజులు కావడంతో దారి పొడవునా బెల్లం పాకం వాసన. కోతలైన పొలాల్లో కరెంటు తీగ మీద పాలపిట్ట ఒకటి కనిపిస్తే బాబాయి దసరాకు కనిపించనిది సంక్రాంతికి కనిపించిందని సంతోషించారు. నిజానికి ఈ పొలాల్లో దానిని చూడటానికి దసరా దాకా ఆగనక్కరలేదు.

కొండకర్ల ఆవ విశాఖపట్నానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. మన రాష్ట్రంలో కొల్లేరు తరువాత పెద్ద మంచినీటి సరస్సుగా దీనికి పేరు. చుట్టూ కొండలు, నీటి మీద తామరలు, కలువలు, అంచుల్లో జమ్ము. పండుగ సెలవుల్లో తొమ్మిది దాటితే వనభోజనాల వాళ్లు, పాటల పెట్టెలు దిగుతాయి. పక్షులను చూడటానికి వచ్చినవారు ఏడింటికే దోనె ఎక్కాలి. ఇక్కడి దోనెలు తాటి మొద్దులను తొలిచి చేసినవి. ఒక్క మొద్దు ఒరిగిపోతుందని రెండింటిని జతచేసి కడతారు. వాటి మీద కూర్చున్నప్పుడు బైనాక్యులర్ గురించి ఒక మాట చెప్పాలి. ఎక్కువ రెట్లు పెద్దది చేసి చూపేదాన్ని తెచ్చుకుంటే చేతి వణుకు, దోనె కదలిక కూడా అన్ని రెట్లు పెరుగుతాయి. ఎనిమిది రెట్లు చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉన్నది ఇలాంటి చోటికి సరిపోతుంది. తెల్లవారుజామున మసక వెలుతురులో కూడా చిత్రం తేటగా ఉంటుంది.

దోనె నడిపిన పెద్దాయన వయసు అరవై దాటి ఉంటుంది. తెడ్డు కంటే గెడకర్రనే ఎక్కువ వాడారు. గెడ నేలను తాకిన ప్రతిసారీ బాబాయి లోతు అడగడం, ఆయన చెప్పడం. బాబాయి మీటర్లలో అడిగితే ఆయన మనిషి ఒంటితో కొలిచి చెప్పారు. "ఇక్కడ మోకాల్లోతు బాబూ. ఆ తావరాకులు దాటితే మొల్లోతు. అటేపు ఎల్తే పీకల్లోతు, గెడ అందదు." ఆవలో పక్షులు ఉన్న తీరు కూడా అచ్చంగా ఆ వరుసలోనే ఉంది.

మోకాలి లోతు మేరలో నత్తగుల్ల కొంగలు. వీటి ముక్కు మూసినా రెండు దవడల నడుమ సందు మిగిలే ఉంటుంది. పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు. వయసుతో పాటు ఏర్పడుతుంది. నీటి అడుగున ముక్కుతో తడుముతూ నత్తను పట్టి, గుల్ల నుంచి కండను లాగి మింగడంలో అది ఉపయోగపడుతుంది. ఒక కొంగ ఒకే చోట నిలబడి, పావుగంటలోపే నాలుగు నత్తలను ఒలవడం చూశాము. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో ఇవి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుతాయి, ఊరివారు వాటిని కాపాడుకుంటారు. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు జరిగే మర్యాద కూడా అలాంటిదే.

తామరాకుల మేరలో నడిచే పక్షులు వేరు. అక్కడ లోతు మొల దాకా ఉన్నా వాటికి లెక్క లేదు, ఎందుకంటే అవి నీటిలో దిగవు. ఆకుల మీద నడుస్తాయి. జకానాల వేళ్లు, గోళ్లు ఎంత పొడవంటే ఒంటి బరువు నాలుగైదు వైపులకు చెదిరి ఆకు మునగదు. కంచురెక్కల జకానాలు దగ్గరగానే తిరిగాయి. నెమలితోక జకానాలు కొంచెం ఎడంగా ఉన్నాయి. శీతాకాలంలో వాటికి ఆ పొడవాటి తోక ఉండదు, మెడ వెనుక బంగారు రంగు కూడా వెలిసిపోతుంది కనుక బొమ్మలు చూసి వచ్చినవారు వాటిని గుర్తుపట్టరు. వానాకాలంలో ఆడపక్షి ఒక మగదాని గూటిలో గుడ్లు పెట్టి మరొకదానితో జత కడుతుంది. పొదగడం, పిల్లలను వెంట తిప్పుకోవడం మగదాని వంతు. ఈ సంగతి బాబాయి పెద్దాయనకు చెప్పబోతే, ఆయన అంతకు ముందే చిన్నప్పటి నుంచి చూస్తున్న మాట చెప్పారు: వరదకు నీరు ఎక్కితే మగపిట్ట గుడ్లను నెట్టుకుంటూ వేరే ఆకు మీదికి చేరుస్తుందని. పుస్తకాలు కూడా ఆ మాటనే చెబుతాయి.

జమ్ము అంచున నీలి బొల్లికోళ్లు కాడలను పీకి, కాలితో పట్టుకొని, చిలుక తిన్నట్టు తింటున్నాయి. ఊదా నారాయణపక్షి ఒకటి జమ్ములో మెడ నిలువునా చాచి నిలబడిపోయింది. పెద్దాయన గెడతో చూపే వరకు మా ఇద్దరికీ అది కనబడలేదు.

ఆకులు తొలగి నీరు బయటపడ్డ చోట బాతులు. ఈలబాతులు వందల్లో గుంపుగా తేలుతూ నిద్రపోతున్నాయి. అవి రాత్రులు పొలాల్లో మేసి పగలు ఇక్కడ విశ్రాంతి తీసుకునే రకం. వాటి నడుమ తెల్లగా, చిన్నగా కాటన్ టీల్ జంటలు. వలస వచ్చినవి వేరే బారుగా ఉన్నాయి: సూదితోక బాతులు, గార్గెనీలు, పారముక్కు బాతులు. ఈ మూడింటిని వేటగాడి కంటితో చూస్తే అన్నీ బాతులే. వాటి మేత చూస్తే మూడూ మూడు లోతులవి. పారముక్కుది నీటి పైపొర. వెడల్పు ముక్కును నీటిపై పెట్టి వడపోసుకుంటూ పోతుంది. గార్గెనీ తల మాత్రం ముంచి మేస్తుంది. సూదితోకది పొడవాటి మెడ. తోక ఆకాశానికి, తల నీటి అడుగుకు పెట్టి, మిగతావాటికి అందని వేళ్లను, గింజలను తీస్తుంది. గెడ అందని పీకల లోతులో బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు, నీటికాకులు తప్ప మరేమీ లేవు. ముడసర్లోవ పట్టిక మళ్లీ రాసినట్టే ఉంది.

లోతైన వైపు ఒక మూల గుర్రపుడెక్క కమ్మేసింది. కొంత మేర ఉంటే జకానాలు దాని మీద కూడా నడుస్తాయి. పూర్తిగా మూసుకుపోతే వెలుతురు లోపలికి దిగదు, మునిగే పక్షికి దారి ఉండదు, దోనెకూ ఉండదు. ఏటా కొంత లాగి ఒడ్డున వేస్తామని, మళ్లీ వానలకు అల్లుకుంటుందని పెద్దాయన చెప్పారు.

తొమ్మిదింటికి మొదటి పాటల పెట్టె మోగింది. ఈలబాతులు లేచి ఒక చుట్టు తిరిగి అవతలి కొండ వైపు దిగాయి. మేము ఒడ్డు చేరాక దోనె కిరాయి ఇస్తూ బాబాయి, నీరు ఎప్పుడు తగ్గుతుందని అడిగారు. ఉగాది దాటాక బాగా తీస్తుందని, అంచుల్లో గుంటలు మిగిలి చేపలన్నీ వాటిలో చేరతాయని, అప్పుడు కొంగలను లెక్కపెట్టలేమని పెద్దాయన అన్నారు. వలస బాతులు అప్పటికి వెళ్లిపోతాయి గదా అని నేనంటే, "అవెల్లిపోతాయి. ఇయి వస్తాయి" అన్నారు. బాబాయి తన ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, నీరు మోకాలికి దిగిన రోజు ఒక్క ఫోన్ కొట్టమని చెప్పారు.